మనిషిని కాపాడే బ్రేకర్

డిటెక్టివ్ మూడో అంతస్తు మెట్లెక్కేసరికి ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఎలక్ట్రీషియన్ చేతికి బేడీలు వేయిస్తున్నాడు.

"ఒక్క గంట ఆగండి," అంది ఆమె ఆయాసపడుతూనే.

ఇన్‌స్పెక్టర్ తల కూడా తిప్పలేదు. "వచ్చారా? ఇంకా రాలేదేమిటా అని చూస్తున్నా. కేసు అయిపోయింది మేడం. మీరు దిగిపోవచ్చు. దిగేటప్పుడు ఆయాసం ఉండదు లెండి."

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాపుకున్నాడు. ఎలక్ట్రీషియన్ మాత్రం గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. నలభై అయిదేళ్ళుంటాయి. చొక్కా జేబులో టెస్టర్, మొహంలో నెత్తురు చుక్క లేదు.

పక్కనున్న తలుపు వెనకాల వాటాలో ఉండిన మనిషి చనిపోయి అయిదు రోజులయింది. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆయనది. పెళ్ళి చేసుకోలేదు. వీధిలో అందరికీ అద్దాలాయన. ఆదివారం పొద్దున బాత్‌రూంలో గీజర్ కింద పడి ఉన్నాడు. కరెంటు షాకని డాక్టరు తేల్చాడు. అదే పొద్దున పెట్టె పట్టుకుని అన్నగారింటికి వచ్చిన చెల్లెలు, తలుపు కిందనుంచి మెట్ల మీదికి పారుతున్న నీళ్ళు చూసి కేకలు పెట్టింది. పక్కవాళ్ళు మెయిన్ ఆపేసి తలుపు పగలగొట్టారు.

ఆ చెల్లెలే నిన్న మధ్యాహ్నం డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కుర్చీలో కూర్చుంది. "మా అన్నయ్య అజాగ్రత్త మనిషి కాదండీ. చొక్కా గుండీ వదులైతే ఊడకముందే కుట్టుకునేవాడు. ఎవరూ నా మాట వినిపించుకోవట్లేదు," అంది. అంతకుమించి చెప్పకుండానే గోడ గడియారం చూసి, మళ్ళీ మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"ఏ తప్పు మీద అరెస్టు?" అడిగింది డిటెక్టివ్.

"నిర్లక్ష్యం. గీజర్ రిపేరు చేసింది వీడు. మనిషి పోయాడు."

"గీజర్ విప్పి చూశారా?"

"విప్పక్కర్లేదు. బోర్డులో బ్రేకర్ సరిగ్గానే ఉంది. బ్రేకర్ సరిగ్గా ఉంటే తప్పు వీడి పనిలోనే ఉన్నట్టు."

"బ్రేకర్ సరిగ్గా ఉందని ఎలా తెలిసింది?"

ఇన్‌స్పెక్టర్ ఇప్పుడు ఆమె వైపు తిరిగాడు. ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. "లెక్కుంది మేడం. గీజర్ మూడు వేల వాట్లు. ఇంటికొచ్చే కరెంటు రెండు వందల ముప్ఫై వోల్టులు. భాగిస్తే పదమూడు యాంప్స్. దానిపైన దొరికే సైజు పదహారు. పది పెడితే ఊరికే పడిపోతుంటుంది. ముప్ఫై రెండు పెడితే గోడలో తీగ కాలిపోయినా పడదు. అంచేత పదహారే కరెక్టు. బోర్డులో ఉన్నదీ పదహారే."

పిల్లవాడు ఎక్కం అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. లెక్కలో తప్పు లేదు. అదే ఆమెకి వింతగా అనిపించింది. ఈ మనిషి ఆమెకు కొత్తవాడు కాదు. ఆమె పోలీసు ఉద్యోగం వదిలేసినప్పుడు ఆ కుర్చీలోకి వచ్చినవాడు. జీతం చీటీలో కోతలు కూడా తనంతట తాను కూడుకునే అలవాటు లేదు.

"బాగా చదివారు," అంది. "రేపు కోర్టులో ఇతని వకీలు 'గీజర్ విప్పకుండా మా వాడు తప్పు చేశాడని ఎలా అన్నారు?' అని అడుగుతాడు. అప్పుడు కూడా ఈ లెక్కే అప్పజెపుతారా?"

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. కానిస్టేబుల్ నేల చూపులు చూశాడు.

"గంట," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అదీ నా కళ్ళముందే."

"మీ కళ్ళముందే కావాలి నాకు కూడా."

ఆమె మెట్టు మీద కూర్చుని, ఎలక్ట్రీషియన్‌ని పక్కన కూర్చోమంది. అతను కూర్చోలేదు.

"మిమ్మల్ని ఎందుకు పిలిచాడాయన?"

"గీజర్ చూడమన్నారమ్మా. ఎన్నేళ్ళనుంచో వాడని గీజర్ అది. లోపల నీళ్ళు కాచే ఎలిమెంట్ పాడైపోయింది. కరెంటు నీళ్ళలోకి కారుతోంది. మార్చాలన్నాను. ఆ మోడల్‌ది దొరకదు, తెప్పించాలి. అందాకా ఆన్ చెయ్యొద్దన్నాను."

"బ్రేకర్ ముట్టుకున్నారా?"

"ముట్టుకోవడమేంటమ్మా, మార్చేశాను. పాత బోర్డులో ముప్ఫై రెండు ఉంది. ఏ మహానుభావుడు పెట్టాడో. అది తీసేసి లీకేజీ బ్రేకర్ పెట్టాను."

"అంటే?"

"మామూలు బ్రేకర్ తీగని కాపాడుతుందమ్మా. ఎక్కువ కరెంటు లాగితేనే పడుతుంది. మనిషి షాక్ కొట్టి పోవడానికి అంత కరెంటు అక్కర్లేదు. రవ్వంత చాలు. ఆ రవ్వంత దారి తప్పినా పట్టేసి పడిపోయేది ఇది. మనిషిని కాపాడేదన్నమాట. బాత్‌రూంలో గీజర్‌కి ఇదే పెట్టాలి."

"ఎన్ని యాంప్స్?"

"పదహారే. సారు చెప్పిన లెక్క కరెక్టే."

ఇన్‌స్పెక్టర్ గర్వంగా చూశాడు. డిటెక్టివ్ లేచి తలుపు వైపు నడిచింది.

బోర్డు తలుపు పక్కనే, కంటి ఎత్తులో ఉంది. ఒక్కో బ్రేకర్ కింద సన్నని కాగితం ముక్క అతికించి, అచ్చులాంటి అక్షరాలతో రాసి ఉంది. హాలు. వంటగది. పడకగది. గీజర్. పక్కన మరో కాగితం, రంగు తెల్లగా, కొత్తది. 'చెల్లాయి గది.'

ఎలక్ట్రీషియన్ మెడ చాచి చూశాడు. చూసి, బేడీలున్న చేతుల్నే ఎత్తి బోర్డు వైపు చూపించాడు.

"ఇది నాది కాదు."

"ఇంకేం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "లోకంలో ఏ దొంగైనా ఇది నాదే అన్నాడా?"

"కాదు సార్! నేను పెట్టినదాని మీద చిన్న బొత్తాం ఉంటుంది. పని చేస్తోందో లేదో నొక్కి చూసుకోడానికి. నెలకోసారి నొక్కండని ఆయనతో నొక్కించాను కూడా. దీనికి బొత్తాం ఏది? ఇది ఉత్త మామూలు బ్రేకర్."

డిటెక్టివ్ దగ్గరికి జరిగింది. గీజర్ బ్రేకర్ పక్కనే ఖాళీ జాగాని మూసే ప్లాస్టిక్ మూత ఉంది. బోర్డు చివర అలాంటివే మరో రెండు. ఆ రెండూ ఏళ్ళ తరబడి పొగచూరి పసుపు రంగుకి తిరిగాయి. ఇది మాత్రం పాలలా ఉంది.

"మీ బ్రేకర్ వెడల్పెంత?"

"దీనికి రెండింతలమ్మా. రెండు జాగాలు పడుతుంది."

"దాన్ని తీసేసి ఒక జాగా పట్టే దాన్ని పెడితే?"

"పక్కన కన్నం మిగులుతుంది," అన్నాడు అతను నెమ్మదిగా. "మూత పెట్టాలి."

ఇన్‌స్పెక్టర్ కూడా ఆ తెల్ల మూత వంక చూశాడు. కాని ఊరుకోలేదు. "తీసింది వీడే అయ్యుండొచ్చుగా? ఖరీదైన సరుకు వెనక్కి పట్టుకుపోయి, చవకది తగిలించి."

"అయ్యుండొచ్చు. లేదా ఊరికే పడిపోతోందని అద్దాలాయనే మార్చుకుని ఉండొచ్చు. కాని తెలియనివాడు బ్రేకర్ పడిపోతోందంటే ఇంకా పెద్దది తెచ్చి పెడతాడు. ఈ పాత బోర్డులో ముప్ఫై రెండు ఎలా వచ్చిందనుకున్నారు? ఇక్కడ మార్చినవాడు తీగకి ఏమీ కానివ్వలేదు. సరిగ్గా పదహారే తెచ్చాడు. మనిషిని కాపాడే భాగం ఒక్కటే తప్పించాడు. ఇంత బాగా ఎంచుకునేవాడు తెలియనివాడు కాదు."

"మాటలు బాగున్నాయి."

"గీజర్ విప్పితే మాటలక్కర్లేదు."

మెయిన్ ఆపే ఉంది. అయినా ఎలక్ట్రీషియన్ బేడీలు తీయించుకుని, టెస్టర్‌తో రెండుసార్లు చూసుకున్నాకే బాత్‌రూంలో అడుగుపెట్టాడు.

చిన్న బాత్‌రూం. ఒక పక్క చన్నీళ్ళ కుళాయి, దాని కింద అంచులు అరిగిన బకెట్, పిడి విరిగితే తీగ చుట్టుకున్న మగ్గు. గీజర్ వైపు అంతా కొత్త. కొత్త బకెట్, ఇంకా కాగితం విప్పని సబ్బు, పీట ఎత్తున ఒక స్టూలు, పట్టుకుని లేవడానికి గోడకి బిగించిన స్టీలు కడ్డీ. స్క్రూల చుట్టూ సిమెంటు పొడి కూడా పూర్తిగా పోలేదు. కడ్డీ కింద, నేల మీద, ఆయన పడి ఉన్న చోటు చుట్టూ సుద్దముక్కతో గీసిన గీత సగం చెరిగిపోయింది.

ఎలక్ట్రీషియన్ గీజర్ అడుగు మూత విప్పాడు. 

"ఎలిమెంట్ పాతదే," అన్నాడు చివరికి. "నేను సున్నంతో గీటు పెట్టాను, అదిగో. కారిన కరెంటుని నేలలోకి పంపే ఎర్తు తీగ ఊడిపోయి ఉందమ్మా."

"చూశారా!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సరిగ్గా బిగించలేదు. ఊడిపోయింది. ఇంక చెప్పేదేముంది?"

"టార్చి వెయ్యండి," అంది డిటెక్టివ్.

వేశాడు. ఆకుపచ్చ తీగ పక్కకి మడిచి ఉంది. దాని కొస చుట్టూ నల్ల టేపు. మూడు చుట్లు, అంచు కూడా లేవకుండా అదిమి.



"దానంతటది ఊడిన తీగ," అంది ఆమె, "దానంతటదే టేపు కూడా చుట్టుకుందంటారా?"

ఇన్‌స్పెక్టర్  టార్చి ఆర్పడం కూడా మరిచిపోయాడు.

"నేను పెట్టిన బ్రేకర్ ఉంటే కుళాయి ముట్టుకోకముందే పడిపోయేది," అన్నాడు ఎలక్ట్రీషియన్.  "ఎర్తు ఉన్నా గండం తప్పేదేమో. రెండూ తీసేశారు. పాపం, ఆయన తడి కాళ్ళతో నిలబడి కుళాయి తిప్పుంటారు."

"ఎలిమెంట్ తెప్పిస్తానన్నారు కదా. మళ్ళీ రాలేదేం?"

"వద్దని ఫోనొచ్చిందమ్మా. ఎలిమెంట్ మార్పించేశాం, రానక్కర్లేదని."

"ఎవరి ఫోను?"

"ఆయనదే. ఆయన నంబరే." అతను తటపటాయించాడు. "కాని ఒకటి మనసులో పడింది. నవ్వుతారేమో."

"చెప్పండి."

"గొంతు సరిగ్గా వినపడలేదు గాని, 'నువ్వు రానక్కర్లేదు' అన్నారు. ఆయనెప్పుడూ నన్ను నువ్వు అనలేదు. మా వీధిలో చెత్త ఎత్తే కుర్రాణ్ణి కూడా మీరనే మనిషి. నన్ను మీరనేది ఆయనొక్కరే. బ్రేకర్ పెట్టిన రోజు పని అయిపోయాక కూడా వెళ్ళనివ్వకుండా కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడారు. నేనేం మాట్లాడానో కూడా గుర్తులేదు, వింటానికి ఎవరో ఉంటే చాలన్నట్టుండేవారు. అలాంటిది ఆ వేళ నువ్వు అనేసరికి కాస్త చివుక్కుమంది. ఏదో విసుగులో ఉన్నారు కాబోలు అనుకుని ఊరుకున్నా."

"విసుగు కాదు," అంది డిటెక్టివ్. "ఆ మాట్లాడింది ఆయన కాదు. ఎవరో ఈ ఇంట్లోనే కూర్చుని, ఆయన ఫోన్ అడిగి తీసుకున్నారు. ఆయన అనుమానం లేకుండా ఇచ్చాడు."

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌ని పిలిచి బేడీలు జేబులో పెట్టుకోమన్నాడు. క్షమించమనే అలవాటు అతనికి లేదు. ఎలక్ట్రీషియన్ కూడా అడగలేదు. బాత్‌రూం గుమ్మంలో చతికిలబడి మొహం తుడుచుకున్నాడు.

"సరే, హత్యే అనుకుందాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించి. "ఎవరు చంపుతారు ఈయన్ని? శత్రువుల్లేరు. ఆస్తి లేదు. స్నేహితులే లేరు, ఇక శత్రువులెక్కణ్ణుంచి వస్తారు?"

డిటెక్టివ్ పడకగదిలోకి వెళ్ళింది. అది ఆయన పడకగది. మంచం, దీపం, కిటికీ దగ్గర ఒక కుర్చీ. రెండో గది తలుపు తీసేసరికి కొత్త సున్నం వాసన వచ్చింది. కిటికీకి కొత్త తెర. బీరువా తలుపులు తెరిచే ఉన్నాయి, అరలన్నీ ఖాళీ చేసి కాగితం పరిచి ఉంది. తలుపు వెనక కొక్కేలు మనిషి ఎత్తుకి కాక, భుజం ఎత్తుకి దిగకొట్టి ఉన్నాయి, చెయ్యి ఎత్తలేనివాళ్ళకి అందేలా. బల్ల మీద ఇంటి తాళంచెవి నకలు ఒకటి, ఎర్ర దారం కట్టి.

వంటింట్లో తినే బల్ల దగ్గర రెండు కుర్చీలున్నాయి. ఒకటి కూర్చుని కూర్చుని నున్నబడింది. రెండోదాని కాళ్ళకి దుకాణం వాళ్ళు చుట్టిన అట్ట ఇంకా విప్పలేదు.

ఆ రెండో కుర్చీ ముందు ఆమె కాసేపు నిలబడిపోయింది. తన వంటింట్లో బల్ల దగ్గర కూడా ఒకటే కుర్చీ. రెండోది కొనాలని ఎప్పుడూ తోచలేదు. తన తలుపు కిందనుంచి నీళ్ళు పారితే మెట్ల మీద చూసి కేక వేసేవాళ్ళెవరా అని ఒక ఆలోచన వచ్చింది. దాన్ని తోసేసి హాల్లోకి వచ్చింది.

"చెల్లెలు ఎన్నాళ్ళు ఉండటానికి వచ్చిందని మీకు చెప్పింది?"

"రెండు రోజులకి చుట్టపుచూపుగా."

"రెండు రోజుల చుట్టానికి బీరువా ఖాళీ చేస్తారా? తాళంచెవి చేయిస్తారా? గోడకి కడ్డీ బిగిస్తారా? ఆమె మొగుణ్ణి వదిలేసి వచ్చేసింది, ఇన్‌స్పెక్టర్ గారూ. చెప్పుకోవడానికి సిగ్గుపడి మనిద్దరి దగ్గరా దాచింది."

"ఉంటే ఉండొచ్చు. దానికీ ఈయన చావుకీ ఏమిటి?"

"ఎలక్ట్రీషియన్ గారూ," ఆమె వెనక్కి తిరిగింది. "అద్దాలాయన వేడినీళ్ళు పోసుకునేవాడా?"

"లేదమ్మా. పుట్టి బుద్ధెరిగాక చన్నీళ్ళే అన్నారు. ఈ గీజర్ వాటాతో వచ్చింది, నాకెందుకండీ, వచ్చేవాళ్ళ కోసం బాగు చేయిస్తున్నా అన్నారు."



"ఆయన్ని ఎవరూ చంపాలనుకోలేదు," అంది డిటెక్టివ్. "వచ్చే మనిషి కోసం పెట్టిన ఉచ్చు ఇది. మోకాళ్ళ నొప్పులతో, ప్రయాణం చేసి వచ్చి, మొదట వేడినీళ్ళ కుళాయి తిప్పే మనిషి కోసం. గీజర్ బాగైపోయిందని ఆ వచ్చినవాడు చెప్పిన మాట నమ్మి, ఆదివారం పొద్దున చెల్లెలు దిగే వేళకి నీళ్ళు వేడిగా ఉన్నాయో లేదో చూద్దామని ఆయన చెయ్యి పెట్టాడు. అంతే జరిగింది."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పండి. మీకు ఆ పదహారు యాంప్స్ లెక్క నేర్పిందెవరు?"

ఇన్‌స్పెక్టర్ కళ్ళలో ముందు కోపం, తరవాత లెక్క, ఆ తరవాత భయం వరసగా కనిపించాయి.

"నేనేం ఊరికే అనలేదు. తెలిసినవాణ్ణి అడిగాను. మిల్లులో కరెంటు మెయింటెనెన్స్ అంతా ఆయనే చూస్తాడు. బోర్డు చూసి, బ్రేకర్ కరెక్టే, తప్పు ఎలక్ట్రీషియన్‌దే అన్నాడు. గీజర్ మాత్రం విప్పొద్దు, ప్రమాదం, తాళాలిస్తే నేనే వచ్చి తీయించేస్తానన్నాడు."

"ఎవరాయన?"

"ఆ చెల్లెలి మొగుడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె అప్పటికే ఫోన్ తీసింది. మూడోసారి మోగాక అవతల ఎత్తారు. ఫ్యాను తిరిగే చప్పుడు, దాని కింద నుంచి సన్నని గొంతు.

"నేనమ్మా, డిటెక్టివ్‌ని. పక్కన ఎవరైనా ఉన్నారా?"

"లేరండీ. ఆయన బజారుకెళ్ళారు."

"ఒక్కటడుగుతాను. మీరు అన్నయ్య దగ్గరికి ఉండిపోదామనే వచ్చారు, అవునా?"

ఫ్యాను చప్పుడు మధ్య ఆవిడ గొంతు తగ్గించింది.

"అవునండీ. తిరిగి రాకూడదనే. అన్నయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. కాని నేను బయల్దేరడానికి ముందు వారం ఈయన అన్నయ్యని చూడ్డానికి వెళ్ళారు. అన్నయ్యకి అబద్ధం చేతకాదు. ఆ గది చూసే ఉంటారు. ఇంటికొచ్చి ఒక్క మాటనలేదు. వెళ్ళిరా, నీ మోకాళ్ళకి అక్కడ గీజర్ కూడా చూసొచ్చాను అన్నారు. నాకే ఆశ్చర్యం వేసింది. అన్నయ్య పోయాక ఇంకెక్కడికి పోను? ఇక్కడికే వచ్చాను."

"మీ ఇంట్లో గీజర్ ఉందా?"

"మొన్న పెట్టించారు. రోజూ అడుగుతున్నారు, వేడినీళ్ళు పోసుకున్నావా అని. నాకే మనసు రావట్లేదు. అన్నయ్య అలా పోయినప్పటినుంచీ ఆ కుళాయి ముట్టుకోబుద్ధి కాదు. చన్నీళ్ళే పోసుకుంటున్నా. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, పట్టేయనీ అనుకుంటున్నా."

డిటెక్టివ్ మెట్ల వైపు నడిచింది. "అమ్మా, ఆ కుళాయి దగ్గరికి వెళ్ళకండి. కట్టుబట్టలతో ఇప్పుడే బయటికి వచ్చేయండి."

"ఎలా రానండీ? బయట తాళం వేసి వెళ్తారు. నిన్న మీ దగ్గరికొచ్చి వెళ్ళినప్పటినుంచీ. ఆసుపత్రికని చెప్పాను, నమ్మలేదు."

ఇన్‌స్పెక్టర్ పక్కనుంచి అంతా విన్నాడు. వెంటనే పరుగందుకున్నాడు. రెండేసి మెట్లు దిగుతూ తన ఫోన్లో అరుస్తున్నాడు. ఆ పేటలో ఎవరు డ్యూటీలో ఉన్నా ఆ ఇంటికి పరుగెత్తమని, కరెంటు ఆఫీసుకి చెప్పి ఆ వీధి మొత్తానికి లైను ఆపించమని. ఆమె వెనకే దిగింది, ఫోన్ చెవికి ఆనించుకునే. జీపు ఎక్కింది. జీపు కదిలింది.

"తాళం తీస్తున్నారు," అంది చెల్లెలు. గొంతు ఇంకా సన్నబడింది. "ఫోన్ పెట్టేయమంటారా?"

"వద్దు. పెట్టేయకండి. ఎక్కడైనా బట్టల కింద పెట్టండి."

ఏదో రాపిడి. తరవాత దూరంగా తలుపు, సంచి కింద పెట్టిన చప్పుడు, మగ గొంతు. మెత్తగా, ఓపికగా ఉంది.

"ఇవాళ కూడా పోసుకోలేదా? ఏమిటే నీ మొండితనం? స్విచ్చి వేస్తున్నా. రెండు నిమిషాల్లో కాగుతాయి. వెళ్ళి కుళాయి తిప్పుకోవడమేగా."

"తరవాత పోసుకుంటానండీ."

"తరవాత కాదు. లే. చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను, రా."

జీపు సందు తిరిగింది. ఇన్‌స్పెక్టర్ హారన్ మీద చెయ్యి తీయడం లేదు. డిటెక్టివ్ రెండో చెవి మూసుకుంది. నేల మీద ఈడుస్తున్న అడుగులు వినిపించాయి. ఒకటి, ఆగి, ఇంకొకటి. తలుపు కిర్రుమంది.

అప్పుడు ఫ్యాను చప్పుడు ఆగిపోయింది.

"కరెంటు పోయిందే," అన్నాడు అతను.

 జీపు హారన్ ఫోన్లోంచి ఆ ఇంట్లోకి వెళ్ళి ఉండాలి. బట్టలు ఒక్కొక్కటే తీసి పక్కన పడేస్తున్న చప్పుడు. అడుగులు. ఊపిరి చెవి పక్కనే వినిపించింది.

"ఎవరు మాట్లాడేది?"

అతను ఫోన్ పట్టుకుని ఉన్నంతసేపూ ఆ చేతులు ఇంకో పని చెయ్యలేవు. డిటెక్టివ్‌కి తోచింది అదొక్కటే.

"మీ ఆవిడ స్నేహితురాలినండీ," అంది. "మా ఇంటికి తీసుకెళ్దామని వస్తున్నాను. ఇక మా ఇంట్లోనే ఉంటుంది. కాస్త బట్టలు సర్దుకోమనండి."

ఏదో ఒకటి మాట్లాడి ఆపుదామని అన్న మాట. నోట్లోంచి వచ్చాక గాని అది నిజమేనని ఆమెకి తెలియలేదు.

అవతల అతను నవ్వాడు. ఫోన్ పెట్టేశాడు.

ఆ ఇంటికి వెళ్ళే దారిలో, ఎదురుగా రైలు గేటు పడుతోంది.